పంచదార మీద పలక

బ్రాడీపేట, గుంటూరు

చి. సాకేత్‌కు, చి. మేఘనకు తాతయ్య ఆశీస్సులు.

సంక్రాంతి సెలవుల్లో ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ శిఖరం ఎక్కబోతున్నారని మీ అమ్మ ఫోనులో చెప్పింది. సంతోషం. వద్దనడానికి రాయడం లేదు. సైన్యంలో ఉండగా కాశ్మీరులో మూడు చలికాలాలు మంచులో తిరిగాను. అక్కడ వాలు మీంచి జారిపడే మంచు చరియల గురించి మీకెప్పుడూ సరిగ్గా చెప్పలేదని ఇప్పుడు గుర్తొచ్చింది.

పొద్దున్నే గడ్డి మీద మెరిసేదీ మనకు మంచే, విజయవాడ రోడ్డు మీద బస్సులకు దారి కనిపించకుండా చేసేదీ మంచే. అన్నిటికీ ఒకే మాట కావడంతో కొండ మీద పడేదీ ఒకే రకమనుకుంటాం. అక్కడ నెలల తరబడి కురిసింది పొరలు పొరలుగా పేరుకుంటుంది. ఒక పొర అట్టలా గట్టిగా ఉంటుంది, దాని కిందిది ఇసుకలా జారిపోతుంది. పై నుంచి చూస్తే అంతా తెలుపే.

ఆ పొరలు ఎలా జారతాయో మీకు చెప్పడానికి నిన్న మీ అమ్మమ్మ కూరగాయలు తరిగే చెక్క తీసుకున్నాను. దాని మీద తడి మైదా అద్ది, పైన పలచగా పంచదార చల్లి, ఆ పైన రెండంగుళాల మందాన పొడి మైదా పరిచి అరచేత్తో నొక్కాను. కోణమానిని పక్కన పెట్టుకుని చెక్కను మెల్లగా వంచాను. ఇరవై డిగ్రీల దగ్గర ఏమీ కాలేదు. ముప్ఫై దాటాక పిండికి అడ్డంగా ఒక పగులు వచ్చింది, మరుక్షణం పై పొరంతా ఒకే పలకలా జారి సగం నేల మీద పడింది. అమ్మమ్మ ఏమందో ఇక్కడ రాయను.

ఆ పంచదార పొర అక్కడ నిజంగానే ఉంటుంది. చలికాలం మొదట్లో పలచగా మంచు పడి, తర్వాత చాలా రోజులు ఎముకలు కొరికే చలి పెట్టిందనుకోండి. నేల వైపు కొంచెం వెచ్చగా, పైన గడ్డకట్టే చలిగా ఉండటంతో ఆవిరి పైకి పాకుతూ కింది మంచును పెద్ద పెద్ద పలుకులుగా మారుస్తుంది. ఆ పలుకులు ఒకదానికొకటి అంటుకోవు. తర్వాత పడే మంచు వాటి మీదే కూర్చుంటుంది. గాలి కూడా ఒక వైపు మంచును ఊడ్చుకెళ్ళి శిఖరానికి అవతలి వైపు పోస్తుంది. నునుపుగా, నడవడానికి హాయిగా కనిపించే వాలు చాలాసార్లు అలా గాలి పోసిందే.

పలకలా విరిగిపడే మంచు చరియలు ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలులో వస్తాయి. అలాగని కింద చదునుగా ఉన్నచోట నిలబడితే భయం లేదనుకోకండి. 2025 ఫిబ్రవరి 28న బదరీనాథ్ దగ్గర మాణాలో రోడ్డు పనివాళ్ళ శిబిరం మీదికే చరియ వచ్చింది. 54 మందిలో ఎనిమిది మంది పోయారు. అరిస్తే మంచు కూలుతుందని సినిమాల్లో చూపిస్తారు, నమ్మకండి. దాన్ని కదిలించేది ఎక్కువగా బరువు. మనుషులు చిక్కుకున్న ప్రమాదాల్లో చాలావరకు ఆ బరువు వాళ్ళదో, వాళ్ళ తోటివాళ్ళదో.

ఒక రోజు తెల్లవారుజామున మేం ఎనిమిది మందిమి ఒక వాలు దాటుతున్నాం. ఎండ తగిలితే మంచు మెత్తబడుతుందని పొద్దెక్కకముందే బయలుదేరేవాళ్ళం. నడుముకు కట్టుకున్న ఎర్ర తాళ్ళు పండు మిరపకాయల దండల్లా వెనక ఈడ్చుకొస్తున్నాయి. మనిషి మునిగినా తాడు కొస పైన కనిపిస్తుందని ఆశ. ఒక్కొక్కరే వెళ్ళాలి, మిగతావాళ్ళు చూస్తుండాలి. ముందున్న హవల్దారు నాలుగడుగులు వేశాడో లేదో, కాళ్ళ కింద ‘ధుమ్’ అని బోలు శబ్దం. బియ్యం బస్తా కింద పడేసినట్టు. ఆయన బూట్ల దగ్గర నుంచి సన్నటి గీత పక్కకు పరుగెత్తింది. ఒక్క మాట లేకుండా చెయ్యెత్తాడు. వచ్చిన అడుగుల్లోనే వెనక్కి వచ్చేశాం. ఆ చరియ ఆ రోజు పడిందో లేదో నాకిప్పటికీ తెలియదు.

ఇప్పుడు తాళ్ళ బదులు సంకేతాలు పంపే చిన్న పరికరం ఒంటికి కట్టుకుంటున్నారు. దానితో పాటు పొడిచి వెతికే పొడవాటి కడ్డీ, పార కూడా ఉండాలి. మూడింట్లో ఏది తగ్గినా మిగతా రెండూ దండగే. జారి ఆగిన మంచు సిమెంటులా బిగుసుకుంటుంది, చేతులతో తవ్వలేరు. మొదటి పది పదిహేను నిమిషాల్లో తీస్తే ఎక్కువమంది బతుకుతారు, అరగంట దాటితే బతికేది కొద్దిమందే. హెలికాప్టరు వచ్చేదాకా ఆగే వ్యవధి ఉండదు, పక్కనున్నవాళ్ళే తవ్వాలి. 2016లో సియాచిన్‌లో చరియ కింద పడిన పదిమంది సైనికుల్లో హనుమంతప్ప ఆరు రోజులు బతికాడు కదా అని సాకేత్ అడుగుతాడు. అదృష్టం కొద్దీ ఊపిరాడే చోటు దొరికింది, అయినా ఆసుపత్రిలో చనిపోయాడు. ఆ పదిమందిలో మన కర్నూలు జిల్లా కుర్రాడూ ఉన్నాడు.

చండీగఢ్‌లోని రక్షణ పరిశోధన సంస్థ డీజీఆర్ఈ మంచు చరియల హెచ్చరికలు ఇస్తుంది. ప్రమాదానికి ఒకటి నుంచి అయిదు దాకా అంకెలుంటాయి. మూడు అంటే మధ్యస్తమే కదా అని తీసిపారేయకండి. ఆ రోజు మనిషి బరువుకే పలక విరగవచ్చు.

మీ గైడును రెండు అడగండి. గత వారం ఎంత మంచు పడింది, గాలి ఎటు నుంచి వీచింది? ఆయన ఏం చెప్పాడో రాత్రి ఎనిమిది లోపు ఫోన్ చేయండి, తర్వాత అమ్మమ్మ నా ఫోన్ లాక్కుంటుంది. పిండి చెక్క ఇంకా కడగలేదు, మీరు వస్తే మళ్ళీ చూపిస్తాను.

మీ తాతయ్య