స్టెరాయిడ్ మాత్ర, తెలుగులో ఒక కాగితం

"స్టెరాయిడంట కదా తల్లీ, ఎముకలు గుల్లబారతాయని పక్కింటావిడ చెప్తే మానేశాను." కీళ్ళవాతానికి నెలల తరబడి ప్రెడ్నిసొలోన్ వాడినవాళ్ళు వాంతులతో, బీపీ పడిపోయి మళ్ళీ వార్డుకొచ్చి చెప్పే మాట ఇది. ఆసుపత్రి ఫార్మసిస్టుగా ఎన్నిసార్లు విన్నానో.

అపోహ: స్టెరాయిడ్ ఎంత తొందరగా మానితే అంత మంచిది.

వాస్తవం: మూత్రపిండాల పైనుండే అడ్రినల్ గ్రంథులు రోజూ కార్టిసాల్ అనే ఒంటి సొంత స్టెరాయిడ్ హార్మోనును తయారుచేస్తాయి. మూడు నాలుగు వారాలకు మించి మాత్ర వాడితే అవి మందగిస్తాయి. అప్పుడు ఉన్నపళంగా ఆపితే ఒంట్లో మాత్రా ఉండదు, సొంత కార్టిసాలూ సరిపోదు. నీరసం, వాంతులు, కళ్ళు తిరగడం, ఆపైన ప్రాణం మీదికి రావడం. గ్రంథులు తేరుకోవడానికి కొందరికి నెలలు పడుతుంది కాబట్టే డాక్టరు డోసు మెల్లమెల్లగా దించుతారు. ఎముకలు, షుగరు, ముఖం ఉబ్బడం గురించి మీ భయం ఉత్తది కాదు. దాన్ని డాక్టరు ముందు పెట్టండి, పక్కింటి మాట విని మాత్ర పారేయకండి.

అపోహ: నోటితో చెప్పాం కదా, కాగితం దేనికి?

ఇది మా సిబ్బందిది. నాదీ ఇదే నమ్మకం, ఒకాయన తిరిగొచ్చేదాకా. పిట్యూటరీ (అడ్రినల్ గ్రంథులను నడిపే, మెదడు కిందుండే గ్రంథి) ఆపరేషనయ్యాక హైడ్రోకార్టిసోన్ అనే స్టెరాయిడ్ మాత్రల మీద ఇంటికెళ్తున్నాడు. పది నిమిషాలు కూర్చోబెట్టి చెప్పాను, అన్నిటికీ తలూపాడు. ఇంట్లో మాత్రలు చేతికిచ్చే భార్య ఆ టైములో బిల్లు కౌంటర్ దగ్గరుంది. మూడు వారాలకు జ్వరమొచ్చింది, వాంతుల్లో మాత్ర నిలవలేదు. ఊళ్ళో ఆర్‌ఎంపీ సెలైన్ ఎక్కించి పంపేశాడు. డిశ్చార్జ్ సమ్మరీ సంచిలోనే ఉంది, ఇంగ్లీషులో. మా దగ్గరికి వచ్చేసరికి మనిషి మగతలో ఉన్నాడు. బతికాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అప్పట్నుంచి పెద్దక్షరాల తెలుగు కాగితం ఇస్తున్నాను. మందు పేరు, ఎందుకిచ్చారు, సొంతంగా ఆపొద్దు, జ్వరమొస్తే డోసు ఎంత పెంచాలి (డాక్టరే నింపుతారు), వాంతులైతే తెల్లారేదాకా ఆగకుండా హైడ్రోకార్టిసోన్ ఇంజెక్షన్‌కు వెళ్ళాలి, ఎవరికి ఫోన్ చేయాలి. మాత్రలు ఇచ్చే మనిషిని పక్కన కూర్చోబెట్టి మరీ చదివిస్తాను. బ్రిటన్‌లో 2020 నుంచి ఇలాంటి అవసరానికే స్టెరాయిడ్ ఎమర్జెన్సీ కార్డు ఇస్తున్నారు.

చదువురానివాళ్ళకు కాగితం దండగ అంటారు. మనవడు చదువుతాడు. రోగి నోరు విప్పలేని అర్ధరాత్రి డ్యూటీ డాక్టరు చదువుతాడు.

మిగతావి గబగబా. థైరాయిడ్ మాత్ర కాఫీతో వేసుకోవచ్చా? వద్దు. పరగడుపున నీళ్ళతో, కాఫీకి కనీసం అరగంట ముందు. కాల్షియం, ఐరన్ మాత్రలకు నాలుగు గంటల ఎడం. ఇన్సులిన్ అలవాటైపోతుందా? అది మత్తుమందు కాదు, హార్మోను.

ఇప్పటికే స్టెరాయిడ్ మానేసి ఉంటే తిడతారని దాచకండి. ఈరోజే డాక్టరుకు ఫోన్ చేయండి. వాంతులు, కళ్ళు తిరగడం మొదలైతే ఫోన్ కూడా వద్దు, నేరుగా క్యాజువాలిటీకి వెళ్ళి ముందు ఈ ఒక్క మాట చెప్పండి: "స్టెరాయిడ్ వాడి ఆపేశాను."