కదలని బంపరే గట్టి బంపరా? క్వారీ బళ్ళ గురించి అపోహలు - వాస్తవాలు

టెక్కలి చుట్టుపక్కల గ్రానైట్ క్వారీల్లోకి మనుషుల్ని, సామాన్లని మోసే తూఫాన్లు, బొలెరోలు మా షెడ్డుకి బంపర్ కోసం వస్తుంటాయి, వచ్చినోళ్ళంతా ఒకటే మాట, "అన్నా, అస్సలు కదలకుండా వెల్డింగ్ పెట్టీ".

గొడవంతా అక్కడే. ఈ బళ్ళ చాసిస్, అంటే బండి అడుగు చట్రం, రెండు పొడుగు చానళ్ళు (పైనా కిందా మడత పెట్టిన ఇనప దూలాలు), మధ్యలో అడ్డ మెంబర్లు. ఓ చక్రం గోతిలో దిగితే అది కొంచెం మెలి తిరుగుతాది, అది లోపం కాదు. నమ్మకపోతే ముందు ఎడమ చక్రం దగ్గర జాకీ పెట్టి చక్రం నేల వదిలేదాకా లేపి, బంపర్‌కీ బాడీ రేకుకీ మధ్య సందు రెండు పక్కలా టేపుతో కొలవండి, దించాక మళ్ళీ కొలవండి. ఇప్పుడు చానళ్ళ రెండు కొసల్నీ మందపాటి బంపర్‌తో కలిపి వెల్డింగ్ చేసీసారనుకోండి, ఆ మెలి ఎటు పోద్ది? వెల్డింగ్ పక్కనున్న, వేడికి గుణం మారిన ఇనుములోకి పోద్ది. మొదట పెయింట్ మీద వెంట్రుకంత గీత, తర్వాత అందులోంచి తుప్పు మరక కారుతుంటాది. చాలామంది దాన్ని బురద అనుకుంటారు.

నేనైతే బోల్టులే వేస్తాను, రబ్బర్ బుష్‌తో. బుష్ (బోల్టు చుట్టూ ఉండే రబ్బరు తొడుగు) లోపల ఇనప స్లీవ్, అంటే చిన్న గొట్టం, ఉండాల, లేకపోతే బిగించగానే రబ్బరు చితికిపోయి వెల్డింగ్ పెట్టినా ఒకటే అయిపోద్ది. బంపర్‌ని చాసిస్‌కే కట్టాలి, ఫెండర్‌కి (చక్రం మీది బాడీ రేకుకి) పట్టీ వెయ్యకూడదు. సందు బాలేదంటారు గాని ఆ సందు లేకపోతే రేకు నలుగుద్ది.

రంధ్రం ఎక్కడ కొట్టినా పర్లేదనేది ఇంకో అపోహ. చానల్ నిలువు గోడ మధ్యలో కొట్టాలి, పైన కింద మడతల్లో కాదు, బరువు లాగేది ఆ మడతల్నే.

మందం సంగతి: 5 అడుగుల పొడవు, అడుగు వెడల్పు ప్లేటు 10 ఎంఎం అయితే దాదాపు 36 కిలోలు, 5 ఎంఎం అయితే 18. అదంతా యాక్సిల్‌కి ముందే వేలాడుద్ది మరి. బండి దిగబడితే తాడు కూడా బంపర్‌కి కట్టకండి, చాసిస్ హుక్కుకే కట్టండి.

రోడ్డు మీద తిరిగే బండికి క్రాష్ గార్డు (బంపర్ ముందు అదనంగా బిగించే ఇనప కడ్డీల చట్రం) అడిగితే నేను చెయ్యను. 2017 డిసెంబర్‌లోనే కేంద్ర రవాణా శాఖ వాటి మీద చర్య తీసుకోమని రాష్ట్రాలకి రాసింది, మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కింద.

బిగించాక నట్టు మీంచి ప్లేటు మీదకి పెయింట్‌తో ఓ గీత గీయండి. గీత తప్పిందంటే నట్టు వదులైనట్టే, పానా తియ్యండి.