ప్యూమా వేట: 1987లో పడిన పీటముడి

కాలిఫోర్నియాలో ప్యూమాల (మౌంటెన్ లయన్ అని పిలిచే పెద్ద అడవి పిల్లుల) గొడవ మళ్లీ రాజుకుంది. 2024 మార్చిలో ఎల్ డొరాడో కౌంటీలోని జార్జ్‌టౌన్ దగ్గర, రాలిన జింక కొమ్ములు ఏరుకోడానికి వెళ్లిన అన్నదమ్ముల మీద ప్యూమా పడింది. ఒకరు చనిపోయారు. రాష్ట్రంలో 2004 తర్వాత ఇదే తొలి మరణం. తెలుగువాళ్లు బాగా స్థిరపడిన ఫోల్సమ్‌కు ఈ కొండలు ఏమంత దూరం కావు.

తలకింత అని ప్రభుత్వమే డబ్బిచ్చి చంపించిన రోజులు 1963తో పోయాయి. 1972లో సరదా వేటా ఆగింది. అసలు మలుపు 1987. వేట మళ్లీ తెరుస్తామని, 190 పర్మిట్లు ఇస్తామని, రాష్ట్రంలో వేట నిబంధనలు పెట్టే ఫిష్ అండ్ గేమ్ కమిషన్ ప్రకటించింది. పర్యావరణ ప్రభావాన్ని సరిగా లెక్కగట్టలేదని కోర్టు అడ్డుకుంది. మరుసటి ఏడాదీ అదే తంతు. ఏటా కోర్టుల చుట్టూ తిరగడమెందుకని వేట వ్యతిరేకులు నేరుగా ఓటర్ల దగ్గరికే వెళ్లారు. 1990 జూన్‌లో ప్యూమా వేటను నిషేధించే 117వ ప్రతిపాదన దాదాపు 52 శాతం ఓట్లతో నెగ్గింది.

నిషేధం ఒక ఎత్తు, అందులో పెట్టిన మెలిక ఒక ఎత్తు. దాన్ని సవరించాలంటే ఉభయ సభల్లో ఐదింట నాలుగు వంతుల మద్దతు కావాలి: 40 మంది సెనేట్‌లో 32, 80 మంది అసెంబ్లీలో 64. అంటే, ఆ 190 పర్మిట్ల కోసం పట్టుబట్టి వేటగాళ్లే తలుపుకు తాళం వేయించుకున్నారు.

తాళం భారం మాత్రం కొండ ఊళ్ల మీద పడింది. 1994లో ఇదే కౌంటీలో, ఆబర్న్ రిక్రియేషన్ ఏరియాలో పరుగుకు వెళ్లిన ఓ తల్లిని ప్యూమా చంపింది. ఆ ప్యూమాను కాల్చేశాక దాని కూన ఒంటరిదైంది. కూనకు వచ్చిన విరాళాలు, ఆమె పిల్లల నిధికి తొలుత వచ్చినవాటిని మించాయని పత్రికలు రాశాయి. అక్కడివాళ్ల కడుపుమంట ఊరికే రాలేదు. అయినా 1996లో రక్షణ సడలించే ప్రతిపాదనను రాష్ట్ర ఓటర్లు ఓడించారు.

కుక్కలు తరిమితేనే ప్యూమాకు మనిషంటే బెరుకు ఉంటుందని కొండవాసుల వాదన. ఎలుగుల వేటలో కుక్కలను వాడటమూ 2013 నుంచి బంద్. వేట సాగే రాష్ట్రాల్లోనూ దాడులు ఆగలేదు కదా అంటారు పరిరక్షకులు. ప్యూమాను కుక్కలతో చెట్టెక్కించి, చంపకుండా వదిలేసే ప్రయోగానికి ఎల్ డొరాడోలో అనుమతి కోరుతూ 2025లో బిల్లు పెట్టారు. ఇప్పుడు మేకను చంపిన ప్యూమానైతే చంపడానికి పర్మిట్ అడగొచ్చు. పెరటి చుట్టూ ఊరికే తిరిగేదాని సంగతేమిటన్నదే ఆ ఊళ్ల ప్రశ్న.