గ్యారేజ్ తలుపు రిమోట్ల అమరిక: అపోహలు - వాస్తవాలు

ఇళ్ల గ్యారేజ్ తలుపులకు మోటార్లు బిగించడం, వాటికి రిమోట్లు జతచేయడం నా వృత్తి. ఈ పనిలో నాకు ఎదురయ్యే సందేహాల్లో ఎక్కువ భాగం ఒకే అభిప్రాయం నుంచి పుడుతున్నాయి. తాళంచెవి లాగానే, తలుపు తెరిచే శక్తి రిమోట్‌లోనే ఉంటుందని చాలామంది భావిస్తారు. నిజానికి రిమోట్ రేడియో తరంగాల ద్వారా తన గుర్తింపును చెప్పుకుంటుంది, అంతే. ఆ గుర్తింపును అంగీకరించాలా వద్దా అన్నది మోటారు పెట్టెలోని రిసీవర్, తన మెమరీలో ఉన్న జాబితాను చూసుకుని నిర్ణయిస్తుంది. రిమోట్‌ను అమర్చడమంటే ఆ జాబితాలో ఒక పేరు చేర్చడమే. ఈ ఒక్క విషయం మనసులో పెట్టుకుంటే కింది అపోహల్లో చాలావరకు వాటంతటవే తొలగిపోతాయి.

అపోహ: లెర్న్ బటన్‌ను ఎంత ఎక్కువసేపు నొక్కి పట్టుకుంటే రిమోట్ అంత గట్టిగా నమోదవుతుంది.

వాస్తవం: అన్ని పొరపాట్లలోనూ నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఇదే, ఎందుకంటే ఒక రిమోట్ చేర్చబోయిన ఇంట్లో ఉన్న రిమోట్లన్నీ పనిచేయకుండా పోవడానికి ఇదే కారణం. చాలా మోడళ్లలో మోటారు పెట్టె మీద ఉండే ఈ బటన్‌కు రెండు పనులున్నాయి. ఒక్కసారి నొక్కి వదిలేస్తే పక్కనున్న చిన్న దీపం వెలిగి, రిసీవర్ సుమారు 30 సెకన్ల పాటు కొత్త పేరు కోసం ఎదురుచూస్తుంది. ఆ వ్యవధిలో రిమోట్ మీద మనం ఎంచుకున్న బటన్‌ను నొక్కి పట్టుకుంటే మోటారు లైటు మినుకుమనడమో, లోపల టక్కుమన్న చప్పుడు రావడమో జరిగి నమోదు పూర్తవుతుంది. అదే లెర్న్ బటన్‌ను 6 సెకన్లకు పైగా, కొన్ని మోడళ్లలో 10 సెకన్ల పాటు, నొక్కే ఉంచితే దీపం ఆరిపోయి జాబితా మొత్తం చెరిగిపోతుంది. గోడకు బిగించిన కీప్యాడ్, కారులోని బటన్ కూడా ఆ జాబితాలోనివే కాబట్టి అవి కూడా పోతాయి. ఈ పని నిచ్చెన మీద నిలబడి చేయవలసి వస్తుంది కనుక, నమోదు పూర్తయ్యాక సరిచూసే నొక్కుకు తలుపు కదులుతుందని గుర్తుంచుకుని, నిచ్చెనను తలుపు దారిలో వేయకండి. తలుపు కింద పిల్లలు గానీ పెంపుడు జంతువులు గానీ లేరని ముందే చూసుకోండి.

అపోహ: యూనివర్సల్ అని రాసి ఉన్న రిమోట్ ఏ మోటారుకైనా సరిపోతుంది.

వాస్తవం: యూనివర్సల్ అంటే పెట్టె మీద ముద్రించిన జాబితాలోని మోటార్లకు సరిపోతుందని మాత్రమే అర్థం. రిమోట్, రిసీవర్ ఒకే ఫ్రీక్వెన్సీలో, ఒకే సంకేత పద్ధతిలో మాట్లాడుకోవాలి. ఉత్తర అమెరికా మార్కెట్ మోటార్లలో 300, 310, 315, 390 మెగాహెర్ట్జ్ కనిపిస్తే, ఐరోపా మోటార్లలో 433.92 లేదా 868 మెగాహెర్ట్జ్ ఉంటుంది. ఫ్రీక్వెన్సీ కలిసినంత మాత్రాన కూడా సరిపోదు. ఒకే కంపెనీ వేర్వేరు కాలాల్లో వేర్వేరు సంకేత పద్ధతులు వాడింది. చాంబర్లెయిన్, లిఫ్ట్‌మాస్టర్ మోటార్లలో లెర్న్ బటన్ రంగును బట్టే పద్ధతిని గుర్తుపట్టవచ్చు: పసుపు రంగు బటన్ 2011 నుంచి వస్తున్న సెక్యూరిటీ ప్లస్ 2.0 పద్ధతికి, ఊదా రంగు 315 మెగాహెర్ట్జ్‌లో నడిచే పాత పద్ధతికి గుర్తు. అందుకే కొత్త రిమోట్ కొనేముందు నేను ముందుగా అడిగేది మోటారు పెట్టె మీది మోడల్ నంబరు, లెర్న్ బటన్ రంగు. పాత రిమోట్ ఫొటో ఆ తరువాతి మాట.

అపోహ: పక్కింటివారి రిమోట్‌తో మన తలుపు తెరుచుకుంటుంది.

వాస్తవం: ఇది ఒకప్పుడు నిజం, కొన్ని ఇళ్లలో ఇప్పటికీ నిజమే. పాత రిమోట్లలో డిప్ స్విచ్‌లనే చిన్న మీటల వరుస ఉండేది. రిమోట్‌లోనూ రిసీవర్‌లోనూ మీటలు ఒకే వరుసలో ఉంటే తలుపు తెరుచుకునేది. 8 మీటలుంటే సాధ్యమయ్యే కోడ్‌లు 256, 12 మీటలున్నా 4,096 మాత్రమే. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన అమరికను మార్చకుండా వాడేవారు చాలామంది కావడంతో ఇరుగుపొరుగు కోడ్‌లు ఒకటి కావడం వింతేమీ కాదు. 2015లో భద్రతా పరిశోధకుడు సామీ కామ్‌కార్, మ్యాటెల్ సంస్థ తయారీ ఆపేసిన, పిల్లలు సందేశాలు పంపుకునే ఒక ఆటవస్తువును మార్చి, ఇలాంటి స్థిర కోడ్ తలుపులను 10 సెకన్లలోపే తెరవవచ్చని చూపించారు. వేలాది కోడ్‌లను విడివిడిగా పంపనక్కరలేకుండా, ఒక కోడ్ తోక మరో కోడ్‌కు తల అయ్యేలా అల్లి ఒకే ప్రవాహంగా పంపడం ఆ పద్ధతిలోని కీలకం. మీ రిమోట్ వెనుక మూత తీసినప్పుడు మీటల వరుస కనిపిస్తే, వాటి అమరికను మార్చుకోవడంతో ఊరుకోవద్దనీ, రిసీవర్‌నో మోటారునో మార్చించుకోవాలనీ నేను నిస్సంకోచంగా చెబుతాను.

1990ల మధ్య నుంచి వచ్చిన రోలింగ్ కోడ్ మోటార్లలో రిమోట్ నొక్కిన ప్రతిసారీ కొత్త కోడ్ వెలువడుతుంది, రిసీవర్ ఒకసారి అంగీకరించిన కోడ్‌ను మళ్లీ అంగీకరించదు. అవి కూడా పూర్తిగా అభేద్యమైనవి కావు. తరంగాలను అడ్డుకుని, వాడని కోడ్‌ను దాచిపెట్టుకునే పద్ధతిని కూడా కామ్‌కార్ అదే ఏడాది ప్రదర్శించారు. అయినా, స్థిర కోడ్‌తో పోల్చదగిన ప్రమాదం కాదది.

అపోహ: రోలింగ్ కోడ్ రిమోట్‌ను ఇంటికి దూరంగా నొక్కితే, రిసీవర్‌తో దాని లెక్క తప్పి రిమోట్ పాడవుతుంది.

వాస్తవం: చిన్నపిల్లలు రిమోట్‌తో ఆడుకున్నారని ఆదుర్దాతో ఫోన్ చేసేవారి కోసం ఇది కొంచెం వివరంగా చెప్పాలి. నొక్కిన ప్రతిసారీ రిమోట్‌లోని వరుస సంఖ్య ఒకటి పెరుగుతుంది, కోడ్ దాన్ని బట్టే మారుతుంది. రిసీవర్ చివరిగా విన్న సంఖ్య తరువాత వచ్చే సంఖ్యలను కొంత మేరకు అంగీకరించేలా తయారీదారులు మొదటి నుంచే ఏర్పాటు చేశారు. మైక్రోచిప్ సంస్థ విక్రయించిన కీలాక్ అనే రోలింగ్ కోడ్ పద్ధతిని ఉదాహరణగా తీసుకుంటే, తేడా 16 లోపు ఉన్నప్పుడు ఒక్క నొక్కుకే తలుపు స్పందిస్తుంది. తేడా అంతకు మించి, 32 వేల వరకు ఉన్నా సరే, వరుసగా వచ్చిన రెండు కోడ్‌లను విని రిసీవర్ తన లెక్కను సరిచేసుకుంటుంది. అంటే ఇంటికి వచ్చాక మరోసారి నొక్కితే సరిపోతుంది.

అపోహ: కరెంటు పోయినా, రిమోట్ బ్యాటరీ మార్చినా అమరిక మళ్లీ మొదటి నుంచి చేయాలి.

వాస్తవం: అక్కర్లేదు. రిసీవర్ జాబితా, రిమోట్‌లోని లెక్క రెండూ విద్యుత్తు లేకపోయినా చెరగని మెమరీలోనే ఉంటాయి. బ్యాటరీ రకం మాత్రం చూసి కొనండి. కొన్ని రిమోట్లలో 3 వోల్టుల సీఆర్ 2032 బిళ్ల బ్యాటరీ ఉంటే, మరికొన్నింటిలో 12 వోల్టుల ఏ 23 అనే చిన్న గొట్టం లాంటి బ్యాటరీ ఉంటుంది.

అపోహ: దగ్గరికి వెళ్తేనే పనిచేస్తోందంటే రిమోట్ అరిగిపోయిందన్నమాట.

వాస్తవం: ముందు బ్యాటరీ మార్చండి, అది అందరికీ తెలిసిన సలహాయే. ఆ తరువాత మోటారు పెట్టెలో వెలిగే బల్బును చూడండి. కొన్ని ఎల్ఈడీ బల్బుల లోపలి సర్క్యూట్ వెలువరించే రేడియో రొద, సరిగ్గా రిసీవర్ పక్కనే ఉండటం వల్ల, రిమోట్ మాటను ముంచేస్తుంది. బల్బు తీసేసి రిమోట్ నొక్కి చూస్తే ఒక్క నిమిషంలో సంగతి తేలుతుంది. మూడవది, పెట్టె నుంచి వేలాడే సన్నని తీగ. అది అందానికి అడ్డమని చుట్టి లోపలికి తోసినవారిని, కత్తిరించినవారిని కూడా చూశాను. అదే యాంటెన్నా, అది నిటారుగా కిందికి వేలాడాలి. కారణం ఇంటి బయట కూడా ఉండవచ్చు: 2000ల దశకం మధ్యలో అమెరికాలో కొన్ని సైనిక స్థావరాలు 380-400 మెగాహెర్ట్జ్ పరిధిలో కొత్త రేడియోలు వాడటం మొదలుపెట్టాక, చుట్టుపక్కల ఇళ్లలో 390 మెగాహెర్ట్జ్ రిమోట్లకు అంతరాయం కలిగింది. ఇక ఇంట్లోని రిమోట్లన్నీ ఒకేసారి మూగబోయి గోడ బటన్ మాత్రం పనిచేస్తుంటే, ఆ గోడ ప్యానెల్ మీద లాక్ బటన్ ఎవరైనా నొక్కారేమో చూడండి. అది రిమోట్లను తాత్కాలికంగా పక్కన పెట్టే సదుపాయం.

అపోహ: తలుపు తెరుచుకుంటోంది కానీ మూసుకోవడం లేదు కాబట్టి రిమోట్‌ను మళ్లీ నమోదు చేయాలి.

వాస్తవం: తెరుచుకుందంటేనే రిమోట్ మాట రిసీవర్‌కు చేరిందని అర్థం. చూడవలసింది తలుపు దారికి ఇరువైపులా, నేల నుంచి 15 సెంటీమీటర్లలోపు ఎత్తులో బిగించిన సెన్సార్లను. ఒకదానికి తగిలి అది కొద్దిగా పక్కకు తిరిగినా, అద్దం మీద దుమ్ము పేరుకున్నా, సాయంకాలపు ఎండ నేరుగా దాని మీద పడినా, దారిలో ఎవరో ఉన్నారనుకుని మోటారు మూయడానికి నిరాకరిస్తుంది. ఈ సెన్సార్లను తీసివేయమని, లేదా రెండింటినీ ఎదురెదురుగా పైన కట్టేయమని నన్ను అడిగినవారున్నారు. నేను ఎప్పుడూ ఒప్పుకోలేదు. అమెరికాలో 1993 జనవరి 1 నుంచి తయారయ్యే ఇంటి మోటార్లకు ఇలాంటి రక్షణను చట్టం తప్పనిసరి చేసింది, తలుపు కింద చిక్కుకుని పిల్లలు ప్రాణాలు కోల్పోయిన తరువాతే.

అపోహ: ఇల్లు కొన్నప్పుడు పాత యజమాని రిమోట్లన్నీ ఇచ్చేస్తే చాలు.

వాస్తవం: ఆయన ఇచ్చినవి ఆయనకు గుర్తున్న రిమోట్లు. జాబితాలో ఇంకా ఎవరెవరున్నారో ఆయనకు కూడా తెలియకపోవచ్చు: బంధువుల దగ్గర మిగిలిన రిమోట్, పనివారికి చెప్పిన కీప్యాడ్ అంకెలు, ఎప్పుడో అమ్మేసిన కారులోని బటన్, ఎవరి ఫోన్‌లోనో ఉన్న యాప్. చాలా మోడళ్లలో జాబితా నుంచి ఒక్క పేరును విడిగా తీసివేసే వీలు లేదు కనుక, మొత్తం చెరిపి, మన దగ్గరున్న రిమోట్లను ఒక్కొక్కటిగా మళ్లీ నమోదు చేసుకోవడమే మార్గం. కీప్యాడ్‌కు కొత్త అంకెలు పెట్టాలి, యాప్‌లో పాత ఖాతాను తొలగించాలి. రిమోట్ పోగొట్టుకున్నా, కారుతోపాటు అది దొంగతనానికి గురైనా చేయవలసింది ఇదే, అదీ ఆ రోజే. ఎందుకంటే కారులో ఇంటి చిరునామా ఉన్న కాగితాలు కూడా ఉంటాయి.

అపోహ: కారులోని బటన్‌కు రిమోట్‌ను చూపించి నేర్పితే పని అయిపోతుంది.

వాస్తవం: స్థిర కోడ్ మోటార్లకు అది చాలు. రోలింగ్ కోడ్ మోటారుకు అందులో సగం పనే అయినట్టు, ఎందుకంటే కారు రిమోట్ భాషను నేర్చుకుంది గానీ, రిసీవర్ జాబితాలో కారు పేరు ఇంకా చేరలేదు. మోటారు పెట్టె మీద లెర్న్ బటన్ నొక్కి వదిలి, గడువులోపల కారులోకి వచ్చి కూర్చుని, కారులోని బటన్‌ను రెండు మూడు సార్లు నొక్కాలి. ఒకరు నిచ్చెన దగ్గర, ఒకరు కారులో ఉంటే ఇది తేలికగా సాగుతుంది. ఈ పని జరుగుతున్నంతసేపూ ఇంజిన్ ఆపి ఉంచండి. మూసిన గ్యారేజ్‌లో ఇంజిన్ నడిస్తే కార్బన్ మోనాక్సైడ్ రంగూ వాసనా లేకుండానే పేరుకుపోతుంది. కారును అమ్మేటప్పుడు, హోమ్‌లింక్ (కారులోనే అమర్చి వచ్చే గ్యారేజ్ బటన్ల వ్యవస్థ) ఉన్న చాలా కార్లలో రెండు చివరి బటన్లను కలిపి, దీపం వేగంగా మినుకుమనేదాకా నొక్కి పట్టుకుంటే కారులోని మెమరీ చెరిగిపోతుంది. అయితే అది కారు వైపు మాత్రమే. ఇంట్లోని రిసీవర్ జాబితాలో ఆ కారు పేరు అలాగే ఉంటుంది కనుక, కారు తాళాలను కొనుగోలుదారు చేతికి ఇచ్చిన రోజునే ఆ జాబితాను కూడా చెరిపి మిగిలినవి తిరిగి నమోదు చేయండి.