దూరం తెలిస్తే టైమ్ తెలిసినట్టేనా? విమాన ప్రయాణంపై కొన్ని అపోహలు - వాస్తవాలు

విమానం బయలుదేరే ముందు అది వెళ్లాల్సిన దారి, నింపాల్సిన ఇంధనం లెక్కకట్టే ఫ్లైట్ డిస్పాచర్‌ని నేను. నా పని గురించి చెప్పగానే చాలామంది అనే మాట: "అందులో అంత లెక్కేముంది? దూరాన్ని స్పీడ్‌తో భాగిస్తే సరిపోదా?"

అపోహ: దూరాన్ని స్పీడ్‌తో భాగిస్తే ప్రయాణ సమయం వచ్చేస్తుంది.

వాస్తవం: రాదు, మధ్యలో గాలి ఉంది. లండన్ నుంచి న్యూయార్క్ సుమారు 5,550 కిలోమీటర్లు. విమానం స్పీడ్ గంటకు 900 అనుకుందాం. గాలే లేకపోతే 6 గంటల 10 నిమిషాలు పడుతుంది. కానీ విమానాలు ఎగిరే ఎత్తులో పడమర నుంచి తూర్పుకు జెట్ స్ట్రీమ్ అనే బలమైన గాలి వీస్తుంటుంది. సగటున గంటకు 150 కిలోమీటర్ల ఎదురుగాలి తగిలితే నేలను బట్టి చూసిన స్పీడ్ 750కి పడిపోయి, ప్రయాణం 7 గంటల 24 నిమిషాలవుతుంది. తిరుగు ప్రయాణంలో అదే గాలి వెనక నుంచి తోస్తే 5 గంటల 17 నిమిషాలు చాలు. అటూ ఇటూ సరిపోయిందనుకోకండి. రెండూ కలిపితే 12 గంటల 41 నిమిషాలు. గాలి లేకుంటే 12 గంటల 20 నిమిషాలే. ఎదురుగాలిలో ఎక్కువసేపు ఉంటాం కాబట్టి, అక్కడ పోయిన టైమంతా తిరిగి రాదు.

2020 ఫిబ్రవరిలో తుఫాను గాలుల పుణ్యమా అని ఒక బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానం న్యూయార్క్ నుంచి లండన్‌కు 4 గంటల 56 నిమిషాల్లోనే చేరింది. నేలను బట్టి వచ్చిన స్పీడ్ చూసి, ధ్వని వేగాన్ని దాటేసిందని కొందరు రాశారు. దాటలేదు. చుట్టూ ఉన్న గాలితో పోలిస్తే అది మామూలు స్పీడ్‌లోనే ఉంది.

అపోహ: వెళ్లే, వచ్చే సమయాల్లో ఈ తేడా భూమి తిరగడం వల్ల వస్తుంది.

వాస్తవం: భూమితో పాటు గాలీ తిరుగుతుంది, అందులోని విమానమూ తిరుగుతుంది. విమానం పైకి లేచినంత మాత్రాన నేల కింద నుంచి జారిపోదు.

అపోహ: మ్యాప్‌లో వంపు తిరిగిన గీత అంటే చుట్టుదారి.

వాస్తవం: గుండ్రటి భూమిని చదునుగా గీయడం వల్ల దగ్గరి దారే మ్యాప్‌లో వంపుగా కనిపిస్తుంది. గ్లోబు మీద బయలుదేరే ఊరికీ చేరే ఊరికీ మధ్య దారం బిగించి చూడండి, తెలిసిపోతుంది.

అపోహ: తక్కువ దూరం ఉన్న దారిలోనే త్వరగా చేరతాం.

వాస్తవం: నాకు బాగా నచ్చిన ఉదాహరణ ఢిల్లీ - శాన్‌ఫ్రాన్సిస్కో. 2016లో ఎయిర్ ఇండియా అట్లాంటిక్ దారి వదిలి, తూర్పుగా పసిఫిక్ మీదుగా వెళ్లింది. దూరం సుమారు 1,400 కిలోమీటర్లు పెరిగినా, వెనక గాలి వల్ల దాదాపు రెండు గంటలు కలిసొచ్చాయి. దీనికి పూర్తి వ్యతిరేకం హెల్సింకి - టోక్యో. 2022లో రష్యా గగనతలం మూసుకుపోవడంతో తొమ్మిదిన్నర గంటల ప్రయాణం కాస్తా పదమూడు గంటల దాకా పోయింది. విమానాశ్రయాలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి!

అపోహ: టికెట్‌లో చూపించిన సమయమంతా గాలిలోనే ఉంటాం.

వాస్తవం: అది గేటు నుంచి గేటు వరకు లెక్క. రన్‌వే దాకా వెళ్లడం, క్యూలో ఆగడం, దిగాక పార్కింగ్‌కు చేరడం అన్నీ అందులోవే. ఆలస్యాలకని విమాన సంస్థలు ఇంకొంచెం కలుపుతాయి కూడా. లేటుగా బయలుదేరినా ఒక్కోసారి టైముకి దిగేది ఎక్కువగా ఈ కలిపిన నిమిషాల వల్లే. పైలట్ స్పీడ్ పెంచితే కలిసొచ్చేది కొద్ది నిమిషాలే, ఇంధనం మాత్రం గట్టిగా ఖర్చవుతుంది.