బంగారానికి 79, పాదరసానికి 80: మూలకాన్ని తేల్చేది ఒక్క లెక్కే

బంగారం ముక్కని, పాదరసం చుక్కని పక్కపక్కన పెట్టి చూస్తే ఈ రెండింటికీ సంబంధం ఏముంటుందిలే అనిపిస్తుంది, ఒకటేమో పచ్చగా గట్టిగా ఉండి వేల ఏళ్లు మట్టిలో పడున్నా మెరుపు పోనిది, ఇంకోటేమో గది వేడికే ద్రవంగా అటూ ఇటూ జారిపోయేది. కానీ పరమాణువు లోపలికెళ్లి చూస్తే ఈ రెండిటినీ వేరు చేసేది ఒకే ఒక్క ప్రోటాన్. బంగారంలో 79 ఉంటాయి, పాదరసంలో 80. న్యూట్రాన్లు, ఎలక్ట్రాన్లు ఎన్నున్నాయన్నది తర్వాత సంగతి, పేరు మాత్రం ప్రోటాన్ల లెక్కతోనే వస్తుంది. కెమిస్ట్రీ మొత్తంలో ముందు అర్థం చేసుకోవాల్సింది ఇదొక్కటే అని నేను గట్టిగా నమ్ముతాను, ఇది పట్టుబడితే మిగతా చాలా విషయాలు వాటంతటవే అర్థమైపోతాయి.

పరమాణువు గురించి కాస్త చెప్పుకుందాం. మధ్యలో కేంద్రకం, అందులో పాజిటివ్ చార్జ్ ఉన్న ప్రోటాన్లు, ఏ చార్జీ లేని న్యూట్రాన్లు, బయట నెగటివ్ చార్జ్ ఉన్న ఎలక్ట్రాన్లు. అన్నిటికంటే తేలికైన హైడ్రోజన్ పరమాణువులైతే ఒక మిల్లీమీటర్ పొడవులో దాదాపు కోటి పట్టేస్తాయి. ఇక కేంద్రకం అయితే పరమాణువు కంటే పది వేల నుంచి లక్ష రెట్లు చిన్నది, అయినా బరువంతా దాదాపు అందులోనే ఉంటుంది, ఎందుకంటే ఒక ప్రోటాన్ బరువు ఎలక్ట్రాన్ బరువుకి 1836 రెట్లు.

ఇంత చిన్నదాని లోపల ఏముందో ఎలా తెలిసింది అంటే, 1909లో మాంచెస్టర్‌లో రూథర్‌ఫోర్డ్ అనే శాస్త్రవేత్త దగ్గర పనిచేస్తున్న గైగర్, మార్స్‌డెన్ అనే ఇద్దరు పల్చటి బంగారు రేకు మీదకి ఆల్ఫా కణాలు (రేడియోధార్మిక పదార్థాల నుంచి దూసుకొచ్చే, పాజిటివ్ చార్జ్ ఉన్న కణాలు) పంపారు. కణం వచ్చి జింక్ సల్ఫైడ్ తెర మీద తగిలితే సన్నగా ఒక మెరుపు వస్తుంది, దాన్ని పట్టుకోవాలంటే గదంతా చీకటి చేసుకుని, కళ్లు ఆ చీకటికి అలవాటు పడేదాకా కూర్చుని, మైక్రోస్కోప్‌లో ఒక్కొక్క మెరుపునీ కంటితోనే లెక్కపెట్టుకోవాలి. ఎక్కువ శాతం కణాలు రేకులోంచి తిన్నగా దూసుకెళ్లిపోయాయి, కానీ కొన్ని వేలల్లో ఒక్కటి మాత్రం వచ్చిన వైపుకే తిరిగొచ్చేసింది. పాజిటివ్ చార్జ్, బరువు రెండూ మధ్యలో చాలా చిన్న చోట ముద్దగా ఉంటే తప్ప అలా జరగదు అని 1911లో రూథర్‌ఫోర్డ్ తేల్చాడు, కేంద్రకం సంగతి అలా బయటపడింది.

అప్పటికి మూలకాలని వరసలో పెట్టడం ఎప్పుడో మొదలైపోయింది. 1869లో మెండలీవ్ అనే రష్యా శాస్త్రవేత్త అప్పటికి తెలిసిన మూలకాలని బరువుల ప్రకారం పేర్చి, గుణాలు కలిసేవాటిని ఒకచోటకి చేర్చి, దొరకని వాటికి ఖాళీలు వదిలేశాడు. ఆ ఖాళీల్లో ఒకదానికి సరిపోయే గాలియం 1875లో ఫ్రాన్స్‌లో దొరికింది, కనిపెట్టిన బ్వాబోద్రాన్ దాని సాంద్రత 4.7 అని ప్రకటిస్తే, ఆ లోహాన్ని కంటితో కూడా చూడని మెండలీవ్ కాదు 5.9 దగ్గర ఉండాలి, మళ్లీ శుద్ధి చేసి చూడండి అని చెప్పాడు. చూస్తే నిజంగానే 5.9 వచ్చింది.

ఇంత గొప్ప పట్టికలోనూ ఒక చిక్కు మిగిలిపోయింది. టెలూరియం బరువు 127.6, అయోడిన్ బరువు 126.9, అంటే బరువు ప్రకారం అయోడిన్ ముందు రావాలి, కానీ గుణాలు చూస్తే అయోడిన్ క్లోరిన్, బ్రోమిన్ కుటుంబానికి చెందింది, దాన్ని తెచ్చి ముందు పెడితే వరసంతా చెడిపోతుంది. మెండలీవ్ గుణాలనే నమ్మి టెలూరియాన్ని ముందు పెట్టాడు, దాని బరువు తూచడంలోనే ఎక్కడో తేడా జరిగిందనుకున్నాడు. తూకంలో తేడా ఏం లేదు. అసలు వరసని నిర్ణయించేది బరువు కాదు అన్నదే అప్పటికి ఎవరికీ తెలియదు.

దాన్ని తేల్చింది హెన్రీ మోస్లీ అనే కుర్రాడు. 1913లో ఒక్కొక్క మూలకం మీదకీ ఎలక్ట్రాన్లని కొట్టి, అందులోంచి వచ్చే ఎక్స్‌రేల ఫ్రీక్వెన్సీ కొలిచాడు. ఆ ఫ్రీక్వెన్సీకి వర్గమూలం తీసి చూస్తే ఒక మూలకం నుంచి పక్క మూలకానికి వెళ్లినప్పుడల్లా ఒకే కొలతలో పెరుగుతోంది, మెట్టు మెట్టుగా, మధ్యలో అరలూ పావులూ ఏమీ లేకుండా. అంటే కేంద్రకంలో ఏదో ఒకటొకటిగా పెరుగుతోందన్నమాట, అది పాజిటివ్ చార్జ్, మనం ఇప్పుడు చెప్పుకునే ప్రోటాన్ల లెక్క. క్లాసులో రోల్ నంబర్ లాగా ప్రతి మూలకానికీ ఒక నంబర్ వచ్చేసింది, దాన్నే పరమాణు సంఖ్య అంటున్నాం. టెలూరియం 52, అయోడిన్ 53, మెండలీవ్ పెట్టిన వరసే కరెక్టు. ఇంత పని చేసిన మోస్లీ మొదటి ప్రపంచ యుద్ధంలో 1915 ఆగస్టు 10న టర్కీలోని గల్లిపోలీలో బుల్లెట్ తగిలి చనిపోయాడు, అప్పటికి వయసు 27 ఏళ్లే. పాఠాల్లో మెండలీవ్‌కి ఇచ్చినంత చోటు ఈయనకి ఇవ్వకపోవడం అన్యాయమనే నేనంటాను.

మరి బరువు ఎందుకు తిరగబడింది? న్యూట్రాన్ల వల్ల. ప్రకృతిలో దొరికే అయోడిన్‌లో అన్ని పరమాణువులూ ఒకే రకం, 53 ప్రోటాన్లు, 74 న్యూట్రాన్లు, మొత్తం 127. టెలూరియం అలా కాదు, దాన్లో చాలా రకాలు కలిసుంటాయి, ఎక్కువ భాగం 128, 130 బరువున్నవి, అంటే 52 ప్రోటాన్లకి 76 లేదా 78 న్యూట్రాన్లు. ఇలా ప్రోటాన్లు సమానంగా ఉండి న్యూట్రాన్లు మారే వాటిని ఐసోటోపులు అంటారు. కార్బన్‌లో కూడా 12, 13, 14 ఉన్నాయి, మూడూ కార్బనే, ఎందుకంటే మూడింట్లోనూ ప్రోటాన్లు ఆరే.

ఇక కెమిస్ట్రీ సంగతి. అది నడిచేదంతా బయటి ఎలక్ట్రాన్లతోనే. సోడియంని తీసుకోండి, ల్యాబులో దాన్ని కిరోసిన్‌లో ముంచి ఉంచుతారు, బయటకి తీసి కత్తి పెడితే లోహమైనా మెత్తగా తెగిపోతుంది, కోసిన చోట వెండిలా తళతళలాడుతుంది, అలా చూస్తుండగానే గాలి తగిలి ఆ మెరుపు మసకబారిపోతుంది. చిన్న ముక్క నీళ్లలో వేస్తే కరిగి గుండ్రంగా అయిపోయి బుసబుసమంటూ నీళ్ల మీద పరుగులు పెడుతుంది, నీళ్లలోంచి హైడ్రోజన్‌ని బయటకి తోసేస్తుంది. ఇంత హడావుడి ఎందుకంటే దానికున్న 11 ఎలక్ట్రాన్లు 2, 8, 1గా సర్దుకుని ఉంటాయి, చివర్లో ఒంటరిగా ఉన్న ఆ ఒక్కటీ తేలిగ్గా పోతుంది. క్లోరిన్‌కి 2, 8, 7, దానికి ఒకటి తక్కువ. ఇది ఇచ్చింది, అది పుచ్చుకుంది, ఉప్పు తయారైంది. మండే లోహం, విషవాయువు కలిసి మనం రోజూ తినే ఉప్పు అయిపోయినా లోపల కేంద్రకాల్లో మాత్రం ఏ మార్పూ లేదు, సోడియం 11 సోడియం 11గానే ఉంది, క్లోరిన్ 17 కూడా అంతే. ఆ ఉప్పుని 801 డిగ్రీల దగ్గర కరిగించి కరెంటు పంపిస్తే సోడియం సోడియంగానే మళ్లీ బయటకొస్తుంది.

వందల ఏళ్ల పాటు ఎంతోమంది ఇతర లోహాలని బంగారం చెయ్యాలని కొలిమిల ముందు కూర్చుని ఎందుకు ఫెయిలయ్యారో ఇక్కడ తెలుస్తుంది. నిప్పు, యాసిడ్, కరెంటు, ఏదైనా సరే వెళ్లేది ఎలక్ట్రాన్ల దాకానే, కేంద్రకం జోలికి వెళ్లే శక్తి వాటికి లేదు. 1669లో హాంబర్గ్‌లో హెన్నిగ్ బ్రాండ్ అనే ఆయన మూత్రంలోంచి బంగారం తియ్యాలని దాన్ని మరిగించి మరిగించి చూస్తే చీకట్లో వెలిగే పదార్థం ఒకటి దొరికింది, అదే ఫాస్ఫరస్. అది ఆయన పుట్టించింది కాదు, 15 ప్రోటాన్ల ఆ పరమాణువులు ముందు నుంచీ మూత్రంలో ఉన్నవే, ఆయన చేసింది విడదీయడం మాత్రమే.

నంబర్ మార్చాలంటే కేంద్రకాన్నే కొట్టాలి, దానికి కావాల్సిన శక్తి మామూలు రసాయన చర్యల్లో ఉండేదానికి లక్షల రెట్లు. జెనీవా దగ్గర పరిశోధన కేంద్రం సెర్న్‌లో ఉన్న కణాలని అతి వేగంగా ఎదురెదురుగా పంపే పెద్ద కొలైడర్‌లో సీసం కేంద్రకాలు ఒకదాని పక్క నుంచి ఒకటి దూసుకెళ్లేటప్పుడు కొన్నిసార్లు మూడు ప్రోటాన్లు ఊడిపోతాయి, 82లోంచి 3 తీస్తే 79, బంగారం. 2015 నుంచి 2018 మధ్య అలా దాదాపు 8,600 కోట్ల బంగారు కేంద్రకాలు తయారయ్యాయని 2025లో చెప్పారు, వినడానికి చాలా అనిపిస్తుంది గానీ అన్నీ కలిపి తూస్తే 29 పికోగ్రాములు, అంటే గ్రాముని లక్ష కోట్ల ముక్కలు చేస్తే అందులో 29 ముక్కలు, అవి కూడా క్షణంలో వెయ్యో వంతు కూడా నిలవలేదు.

ఈ లెక్క పూర్ణ సంఖ్యల్లోనే ఉండటం వల్ల ఇంకో లాభం కూడా ఉంది, 79కీ 80కీ మధ్య ఇంకో మూలకం దాక్కునే అవకాశమే లేదు, దొరకనివి ఏవో నంబర్లతో సహా చెప్పేయొచ్చు. మోస్లీ పద్ధతితో చూస్తే యురేనియం (92) లోపు 43, 61, 72, 75 లాంటి ఖాళీలు తేలాయి. 72 అయిన హాఫ్నియం 1923లో కోపెన్‌హేగన్‌లో అదే ఎక్స్‌రే పద్ధతితో దొరికింది, రెండేళ్లకి 75 కూడా దొరికింది. 43 భూమ్మీద ఎంత వెతికినా సరిగ్గా దొరకలేదు, చివరికి 1937లో, కణాలని వేగంగా కొట్టే యంత్రమైన సైక్లోట్రాన్‌లో దెబ్బలు తిన్న మాలిబ్డినం రేకులో ఇటలీలో సెగ్రే, పెరియర్ కనిపెట్టారు. మాలిబ్డినం 42, దానికి ఒకటి కలిస్తే 43. దాని పేరే టెక్నీషియం, ఇప్పుడు గుండె, ఎముకల స్కాన్లకి ఆసుపత్రుల్లో వాడుతున్నది దాని ఐసోటోపే, ఆరు గంటల్లో సగం తరిగిపోతుంది కాబట్టి ఒంట్లో ఎక్కువసేపు ఉండదు.

ప్రస్తుతానికి పట్టికలో 118 దాకా నిండింది. చివరిదైన ఒగానెసాన్‌ని కాలిఫోర్నియం, కాల్షియం కలిపి తయారు చేశారు, 98కి 20 కలిపితే 118. ఇప్పుడు జపాన్‌లో రైకెన్ సంస్థ వాళ్లు 96 ప్రోటాన్ల క్యూరియం మీదకి 23 ప్రోటాన్ల వనాడియంని 2018 నుంచి కొడుతున్నారు, 119 కోసం.