లూపస్‌లో జ్వరం: 1976 నుంచి తెగని స్టెరాయిడ్ లెక్క

లూపస్‌కు కార్-టి చికిత్స (రోగి సొంత రక్తకణాలనే ల్యాబ్‌లో మార్చి తిరిగి ఎక్కించేది) వచ్చేసిందన్న వీడియోలు మళ్ళీ ఫోన్లలో తిరుగుతున్నాయి. దాంతో నల్గొండ, మహబూబ్‌నగర్ వైపు ఈ జబ్బున్న ఇళ్ళల్లో పాత పంచాయితీ కొత్తగా మొదలైంది. స్టెరాయిడ్ గోలీలు ఇంకెన్నాళ్ళు మింగాలి? తగ్గిస్తే జబ్బు తిరగబెడుతుందని ఒకరంటారు. తగ్గించకపోతే రోగనిరోధక శక్తి అణిగి ఏదో ఒక ఇన్ఫెక్షన్ పట్టుకుంటుందని ఇంకొకరంటారు.

లూపస్ అంటే ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థే ఒంటి మీద పడడమనీ, పదిమంది రోగుల్లో దాదాపు తొమ్మిదిమంది ఆడవాళ్ళేననీ చాలామందికి తెలిసిందే. స్టెరాయిడ్ పరిశోధనకు 1950లో నోబెల్ వచ్చిన కథ కూడా పక్కన పెడదాం. ఇవాళ్టి తగాదా అర్థం కావాలంటే 1976లో టొరంటో వైద్యుడు మర్రే ఉరోవిట్జ్ బృందం ప్రచురించిన చిన్న పేపర్ దగ్గరికి వెళ్ళాలి.

వాళ్ళు చూసింది 81 మంది రోగుల్ని. అందులో 11 మంది చనిపోయారు. ఆరుగురు జబ్బు బయటపడిన ఏడాది లోపే పోయారు. వాళ్ళకు లూపస్ ఉధృతంగా ఉంది, రోజుకు సగటున 53 మిల్లీగ్రాముల ప్రెడ్నిసోన్ అనే స్టెరాయిడ్ పడుతోంది, ఆరుగురిలో నలుగురికి తీవ్రమైన ఇన్ఫెక్షన్ సోకింది. మిగతా ఐదుగురు సగటున ఎనిమిదిన్నరేళ్ళ తర్వాత పోయారు. వాళ్ళలో ఒక్కరికి తప్ప లూపస్ అణిగే ఉంది. కానీ ఐదుగురికీ గుండెపోటు వచ్చింది. అప్పటిదాకా వాళ్ళు ఏళ్ళ తరబడి స్టెరాయిడ్ మీదే ఉన్నారు.

జబ్బు ముదిరింది కాబట్టే డోసు పెంచారు, మందును తప్పుపట్టలేమన్న వాదన అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. అందులో న్యాయం లేకపోలేదు. అయినా లూపస్ రోగిని చంపేది లూపస్ ఒక్కటే కాదని ఇంత స్పష్టంగా చూపించింది ఆ పేపరే. నా దృష్టిలో తర్వాతి కథంతా ఆ 11 మరణాల నుంచే నడిచింది. ఆ కథ మరీ నెమ్మదిగా నడవడమే బాధాకరం. జబ్బు అదుపులోకి వచ్చాక స్టెరాయిడ్ రోజుకు 7.5 మిల్లీగ్రాములు దాటొద్దని యూరప్ రుమటాలజీ సంఘం 2019లో చెప్పింది. 2023లో దాన్ని 5కి దించింది, వీలైతే పూర్తిగా ఆపమంది. హెచ్‌సీక్యూ (హైడ్రాక్సీక్లోరోక్విన్) గోలీ మాత్రం దాదాపు అందరూ వాడాలంది. అది వాడేవాళ్ళలో ఇన్ఫెక్షన్లు తక్కువగా కనిపించాయని కొన్ని అధ్యయనాలు కూడా చెబుతున్నాయి.

తగ్గించొద్దనేవాళ్ళ చేతిలోనూ ఒక ఆధారం ఉంది. ఫ్రాన్స్‌లో జబ్బు నెమ్మదించి 5 మిల్లీగ్రాముల మీద ఉన్న 124 మందిని రెండు జట్లుగా చేసి చూశారు. ఆపేసిన జట్టులో 27 శాతం మందికి, కొనసాగించిన జట్టులో 7 శాతం మందికి ఏడాదిలో జబ్బు తిరగబెట్టింది. అందుకే సొంతంగా ఆపకూడదు. పైగా ఏళ్ళ తరబడి వాడిన స్టెరాయిడ్‌ను ఒక్కసారిగా మానితే బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. అయితే ఆ అధ్యయనం 5 దగ్గర ఆగినవాళ్ళ గురించి. దాన్ని చూపించి నెలల తరబడి 20, 30 రాసివ్వడం సరికాదు.

మన దగ్గర చిక్కు ఇంకా ముందే మొదలవుతుంది. నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు కీళ్ళ నొప్పులంటే ముందు నీళ్ళలోని ఫ్లోరైడ్ మీదికే ఆలోచన పోతుంది. ఊళ్ళో ఆర్‌ఎంపీ ఒక సూది వేస్తాడు, నొప్పి తగ్గుతుంది, అందులో స్టెరాయిడ్ ఉందని చెప్పేవాళ్ళుండరు. అసలు జబ్బు తేలేసరికి హైదరాబాద్ నిమ్స్‌కు బస్సెక్కాల్సి వస్తుంది. తర్వాత ఓ రాత్రి జ్వరం వస్తుంది. అది లూపస్ జ్వరమా, ఇన్ఫెక్షనా? రక్తపరీక్షల్లో ఈఎస్‌ఆర్ రెండిట్లోనూ పెరుగుతుంది. సీఆర్‌పీ బాగా పెరిగితే చాలాసార్లు ఇన్ఫెక్షన్ వైపు, సీ3, సీ4 అనే రక్తంలోని ప్రొటీన్లు పడిపోతే లూపస్ వైపు అనుమానించాలి. తేలకముందే స్టెరాయిడ్ డోసు పెంచితే ఇన్ఫెక్షన్‌కు దారి ఇచ్చినట్టే.

స్టెరాయిడ్ భారీగా మొదలుపెట్టే ముందే చూసుకోవాల్సినవి ఉన్నాయి. మొదటిది టీబీ. ఇంకోటి, ఉత్త కాళ్ళతో నాట్లేసే మనుషులకు మట్టిలోంచి పాదాల గుండా ఎక్కే స్ట్రాంగిలాయిడ్స్ పురుగు. మామూలుగా పేగుల్లో పడి ఉండే ఆ పురుగు స్టెరాయిడ్ పడగానే ఒళ్ళంతా పాకి ప్రాణం తీయగలదు. రోజుకు 30 మిల్లీగ్రాములు, ఆపైన నాలుగు వారాలకు మించి వాడేవాళ్ళకు కోట్రిమోక్సజోల్ అనే సల్ఫా మందు ఇస్తే న్యుమోసిస్టిస్ అనే ఫంగస్ వల్ల వచ్చే న్యుమోనియా తగ్గిందని కొరియాలో 2018లో తేలింది. కానీ లూపస్ ఉన్న కొందరికి సల్ఫా మందు పడదు, జబ్బు కూడా ఎగదోస్తుంది. కాబట్టి అందరికీ ఒకటే చిట్టీ రాసేది కాదు.

ఇక కార్-టి. 2021లో జర్మనీలోని ఎర్లాంగెన్‌లో 20 ఏళ్ళ అమ్మాయితో ఇది మొదలైంది. 2024 నాటి నివేదికలో ఉన్న 15 మందిలో లూపస్ రోగులు ఎనిమిది మంది. వాళ్ళందరికీ జబ్బు అణిగింది, మందులూ ఆగాయి. ఆ ఫలితం నిజంగా గొప్పది. కానీ ఆ 15 మందిలో కూడా ఒకరు న్యుమోనియాతో ఆస్పత్రిలో చేరారు. 2021లోనే అమెరికాలో అనుమతి పొందిన అనిఫ్రొలుమాబ్ అనే లూపస్ మందు ట్రయల్స్‌లో అక్కి ఎక్కువ మందికి వచ్చింది. కొత్త మందు ఏదొచ్చినా ఇన్ఫెక్షన్ లెక్క పక్కనే ఉంటోంది.

లూపస్ ఉంటే టీకాలే వద్దని ఊళ్ళో ఒక మాట తిరుగుతోంది, అది తప్పు. రోగనిరోధక శక్తిని అణచే మందుల మీద ఉన్నప్పుడు బతికున్న సూక్ష్మజీవులతో చేసే టీకాలే దూరం పెట్టాలి. ఏటా ఫ్లూ టీకా, న్యుమోకాకల్ టీకా, అక్కికి వేసే రీకాంబినెంట్ (బతికున్న వైరస్ లేని) టీకా డాక్టర్‌ని అడిగి వేయించుకోవచ్చు. న్యుమోకాకల్ టీకా 2021 నుంచి దేశమంతా పసిపిల్లలకు ఉచితం. లూపస్ ఉన్న తల్లి పీహెచ్‌సీలో బిడ్డకు అది పైసా లేకుండా వేయించుకుని వస్తుంది. తనకు కావాలంటే మాత్రం బయట కొనుక్కోవాలి.